పింఛను తీసేస్తున్నట్టు నోటీసొస్తే: సదరం పర్సెంటేజీ మీద అప్పీలు ఎలా వేసుకోవాలి

మా చిన్న మామయ్యకి నోటీసొచ్చిన సంగతి పన్నెండు రోజుల దాకా మా ఎవరికీ తెలీదు. గ్రామ సచివాలయం అమ్మాయి ఇచ్చిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా మూత కింద దాచేశాడు. వచ్చే నెల ఒకటో తారీఖు పింఛను ఇవ్వడానికి ఎవరూ తలుపు కొట్టకపోతే అప్పుడు చెబుదాంలే అనుకున్నాడట. ఎడమకాలికి పోలియో. యాభై నాలుగేళ్ళు. సదరం అంటే వైకల్యం ఎంత శాతమో తేల్చి ప్రభుత్వ డాక్టర్లు ఇచ్చే సర్టిఫికెట్. పాత సర్టిఫికెట్‌లో పర్సెంటేజీ నలభై దాటి ఉండేది, కొత్త పరీక్షలో 34 వచ్చింది. నలభైకి తక్కువ కాబట్టి అనర్హుడు. "డాక్టరే రాసేశాడు కదరా, ఇంక మనం చేసేదేముంది" అన్నాడు.

చేసేది ఉంది. మామయ్య పనిమీద తిరగడం మొదలుపెట్టాక మా వీధిలోనూ చుట్టుపక్కలా మరో ఏడెనిమిది మందికి అర్జీలు రాసిపెట్టాను. కొన్ని నెగ్గాయి, కొన్ని పోయాయి. ఎందుకు నెగ్గాయో, ఎందుకు పోయాయో చూశాక ఇది రాస్తున్నాను.

ముందు అసలు ఏం జరిగిందో రెండు మాటల్లో. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛను పథకం కింద 2024 జులై నుంచి దివ్యాంగులకి నెలకి 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవాళ్ళకి 15,000 ఇస్తున్నారు. 2025 జనవరిలో ఆ 15 వేలవాళ్ళతో మొదలుపెట్టి వైకల్యం పింఛన్లని మళ్ళీ పరీక్షించారు. అదే ఏడాది ఆగస్టులో నోటీసులు పంచారు. అర్హత లేదన్న నిర్ణయం తప్పనుకుంటే ఎంపీడీవోకి (మండల పరిషత్ అభివృద్ధి అధికారికి), పట్నంలో అయితే మున్సిపల్ కమిషనర్‌కి 30 రోజుల్లోపు అప్పీలు పెట్టుకోవచ్చన్నారు. అప్పీలు పెట్టుకున్నవాళ్ళకి ఆ సెప్టెంబరు పింఛను ఆపకుండా ఇచ్చారు. ఇలాంటి తనిఖీలు ఒక్కసారితో ఆగవు కాబట్టి దారి తెలుసుకుని ఉంచుకోవడం మంచిది.

మొదటి పని: నోటీసు చదవండి, తారీఖు రాసుకోండి

నోటీసు చేతికొచ్చిన రోజే దాని వెనక పెన్నుతో ఆ తారీఖు వేసుకోండి. గడువు లెక్క అక్కడి నుంచే. నోటీసులో ఎన్ని రోజులని రాస్తే అదే మీ గడువు, పక్కింటాయన చెప్పింది కాదు. మామయ్యకి బియ్యం డబ్బాలోనే పన్నెండు రోజులు పోయాయి.

నోటీసు ఇవ్వకుండా "మీ పేరు లిస్టులో లేదండి" అని నోటిమాటగా చెప్పేస్తే ఒప్పుకోవద్దు. సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్‌ని కాగితం అడగండి. ఇవ్వకపోతే "నా పింఛను ఏ కారణంతో ఆపారో రాతపూర్వకంగా తెలపండి" అని రెండు వాక్యాల అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. కారణం తెలీకుండా అప్పీలు రాయడమంటే చీకట్లో రాయి విసరడమే.

ఇప్పుడు కారణం చూడండి. సాధారణంగా ఈ నాలుగింటిలో ఒకటి ఉంటుంది: పర్సెంటేజీ 40 కన్నా తక్కువొచ్చింది, పర్సెంటేజీ ఉంది గానీ 15 వేల కేటగిరీ నుంచి 6 వేలకి దించారు, వైకల్యం తాత్కాలికమని రాశారు, పరీక్షకి హాజరు కాలేదు. నాలుగోదైతే నిజానికి మీది అప్పీలు కాదు. ఎందుకు రాలేకపోయారో ఆధారంతో చెప్పి (ఆసుపత్రి డిశ్చార్జి కాగితమో, నోటీసు అందలేదన్న మాటో) కొత్త తారీఖు అడగడమే. దానికి పెద్ద అర్జీలక్కర్లేదు.

నోటీసొచ్చినవాళ్ళకి అరవై ఏళ్ళు దాటి ఉంటే ఇంకో సంగతి. వైకల్యం 40 లోపే అని తేలినా వయసు ప్రకారం 4,000 వృద్ధాప్య పింఛనుకి మార్చమని అడగొచ్చు. అప్పీలు అర్జీలోనే ఒక వాక్యంగా రాయండి: "నా అప్పీలు తేలేలోపు వృద్ధాప్య పింఛనైనా మంజూరు చేయగలరు." మా వీధిలో ఒక మామ్మగారికి ఈ ఒక్క వాక్యమే పనిచేసింది.

అప్పీలు వేయాలా, వద్దా

ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అందరూ కోపంతో వేసేస్తారు. కానీ పర్సెంటేజీ ఎలా వేస్తారో కొంచెం తెలిస్తే మీ చేతిలో కేసుందో లేదో మీకే అర్థమవుతుంది.

డాక్టర్లు తమకి తోచిన అంకె వేయరు. వేయకూడదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద 2018 జనవరిలో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది, 2024లో సవరించింది. ఏ కీలు ఎంత వంగితే ఎంత శాతం, చూపు ఎంత తగ్గితే ఎంత, వినికిడి ఎన్ని డెసిబెల్స్ దగ్గర ఎంత అన్నది అందులో పట్టికలుగా ఉంటుంది.

ఉదాహరణకి ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగా కనిపిస్తుంటే 2018 పట్టిక ప్రకారం వచ్చేది 30 శాతమే. ఎన్నిసార్లు పరీక్షించినా అంతే. ఇది చాలామందికి మింగుడుపడదు. "కన్నే పోతే ఇంకేం కావాలండీ" అంటారు. వాళ్ళ బాధ నిజమే గానీ పట్టిక మారదు. రెండో కంటి చూపు కూడా తగ్గుతుంటేనో, వేరే వైకల్యం ఉంటేనో తప్ప ఆ అప్పీలుకి బలం ఉండదు. నేను రాసినవాటిలో పోయిన రెండూ ఇలాంటివే. ముందే తెలిసుంటే ఆ ఇద్దరినీ మూడేసి సార్లు ఆటోల్లో తిప్పేవాణ్ణి కాదు.

మరి బలం ఎక్కడుంటుంది? పాత పర్సెంటేజీకీ కొత్తదానికీ మధ్య పెద్ద తేడా ఉండి, ఒంట్లో మాత్రం ఏ మార్పూ లేకపోతే. ముప్పై ఏళ్ళ నాటి పోలియో కాలు ఈ ఏడాది పొడవు పెరగదు కదా. పరీక్షించిన డాక్టరు ఆ విభాగం స్పెషలిస్టు కాకపోతే, అంటే ఎముకల డాక్టరు చూడాల్సింది ఇంకెవరో చూస్తే. ఆడియోమెట్రీ (వినికిడి కొలిచే పరీక్ష), ఎక్స్‌రే లాంటివేవీ చేయకుండా కంటితో చూసి రాసేస్తే. అన్నిటికన్నా ముఖ్యంగా, మీకు రెండు వైకల్యాలుంటే అందులో ఒక్కదాన్నే లెక్కేస్తే.

మామయ్య సంగతి ఇదే. ఆయన పాతికేళ్ళు రైస్ మిల్లులో పనిచేశాడు. చెవులు సరిగా వినపడవు. ఇంట్లో టీవీ పెడితే వీధి చివరికి వినిపిస్తుంది. కానీ సదరం అంటే కాలే కదా అని చెవి మాట ఆయన ఎత్తలేదు, వాళ్ళు అడగలేదు.

రెండు వైకల్యాలుంటే శాతాలని ఊరికే కూడరు. దానికొక సూత్రం ఉంది, కష్టమేమీ కాదు. పెద్ద అంకెని పక్కన పెట్టుకోండి. 90లోంచి దాన్ని తీసేయండి. మిగిలినదాన్ని చిన్న అంకెతో గుణించి 90తో భాగించండి. వచ్చినదాన్ని పెద్ద అంకెకి కలపండి. మామయ్యకి కాలు 34. తర్వాత చెవి పరీక్ష చేస్తే 18 వచ్చింది. 90లోంచి 34 తీస్తే 56. దాన్ని 18తో గుణిస్తే 1008, 90తో భాగిస్తే 11.2. 34కి కలిపితే 45.2. నలభై దాటింది. కాలికి వేసిన అంకెతో మేం అసలు గొడవే పడలేదు.

అందుకే కాగితం ముందేసుకుని తల నుంచి పాదం దాకా ఏమేం ఇబ్బందులున్నాయో అన్నీ రాయండి. చూపు, వినికిడి, మాట, చేతులు, నడుము, కాళ్ళు, బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు, తలసీమియా లేదా సికిల్ సెల్ లాంటి రక్తపు జబ్బులు. చట్టంలో మొత్తం 21 రకాల వైకల్యాలున్నాయి. మనకి తెలిసినవి నాలుగో ఐదో.

అర్జీ రాయడం

కంప్యూటర్ సెంటర్ దగ్గర అర్జీలు రాసేవాళ్ళు ఒకటే పాట రాస్తారు: "నేను కడు నిరుపేదను, రెక్కాడితే గాని డొక్కాడదు, నా యందు దయయుంచి..." దయ గురించి రాసిన అర్జీని చదివే ఆఫీసరు చేయగలిగింది ఏమీ లేదు. పింఛను ఆగింది మీరు ధనవంతులని కాదు, అంకె 40కి తగ్గిందని. కాబట్టి అంకె గురించే రాయాలి. ఒక పేజీ చాలు. నేను రాసే పద్ధతి ఇది:

"ఎంపీడీవో గారికి నమస్కారం. విషయం: దివ్యాంగుల పింఛను నోటీసుపై అప్పీలు. పింఛను ఐడీ నంబరు ……, సదరం ఐడీ నంబరు ……, ఆధార్ చివరి నాలుగు అంకెలు …….

నాకు …… తేదీన అందిన నోటీసులో వైకల్యం 34 శాతమని, పింఛనుకి అర్హత లేదని తెలిపారు. ఈ నిర్ణయంపై నా అభ్యంతరాలు: ఒకటి, నాకు చిన్ననాటి నుంచి పోలియో వల్ల ఎడమకాలు వైకల్యం ఉంది. …… సంవత్సరపు సదరం సర్టిఫికెట్‌లో …… శాతంగా నమోదైంది. ఆనాటికీ ఈనాటికీ నా స్థితి మెరుగుపడలేదు. రెండు, నాకు రెండు చెవులా వినికిడి లోపం కూడా ఉంది. …… తేదీన జరిగిన పరీక్షలో దాన్ని పరిశీలించలేదు. ఆడియోమెట్రీ రిపోర్టు జతచేస్తున్నాను.

కోరేది: ఎముకల డాక్టరు, ఈఎన్‌టీ డాక్టరు ఇద్దరూ ఉన్న వేరే ప్రభుత్వ ఆసుపత్రిలో నాకు తిరిగి పరీక్ష జరిపించి, రెండు వైకల్యాల శాతాన్ని కలిపి లెక్కించాలి. నిర్ణయం వెలువడే వరకు పింఛను కొనసాగించాలి. ఇప్పటికే ఆగిన నెలలుంటే ఆ బకాయి ఇప్పించాలి. జతచేసిన కాగితాలు: ……. సంతకం, తేదీ, ఫోన్ నంబరు."

బకాయి సంగతి తప్పకుండా రాయండి. అడగకపోతే ఎవరికీ గుర్తుండదు.

15 వేల నుంచి 6 వేలకి దించినవాళ్ళు అర్జీ వేరేగా రాయాలి. వాళ్ళ తగాదా పర్సెంటేజీ ఒక్కదానితోనే కాదు, మంచం దిగగలరా లేదా అన్నదానితో కూడా. ఒక రోజు ఎలా గడుస్తుందో రాయండి: ఎవరు లేపుతారు, స్నానం ఎవరు చేయిస్తారు, అన్నం తనే తినగలడా, మూత్రానికి పైపు ఉందా, వీపున పుండ్లు పడ్డాయా. సిగ్గుపడి ఇవి వదిలేస్తారు. వదిలేయొద్దు.

జతచేయాల్సినవి: నోటీసు, పాత సదరం సర్టిఫికెట్, కొత్తది, ఆధార్, రేషన్ కార్డు, పాత వైద్యం కాగితాలు. పోలియో లాంటివాటికి చిన్నప్పటి చీటీలు ఎవరి దగ్గరా ఉండవు. ఉంటే బంగారం. స్కూల్లో ఇచ్చిన వికలాంగుల సర్టిఫికెట్, పాత బస్ పాస్, ఆపరేషన్ అయితే డిశ్చార్జి చీటీ, ఏదైనా సరే. అన్నీ జిరాక్స్‌లే ఇవ్వండి, ఒరిజినల్స్ చేతిలోంచి వదలొద్దు. ప్రైవేటు డాక్టరు ఇచ్చిన రిపోర్టుతో శాతం మారదు గానీ, ఫలానా పరీక్ష చేయండి అని అడగడానికి అది ఆధారం. సాధ్యమైతే ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ చీటీ మీదే రాయించుకోండి.

ఇవ్వడం, రసీదు

అర్జీ రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకటి వాళ్ళకి, రెండోదాని మీద రబ్బరు స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు (ఆఫీసుకి వచ్చిన కాగితానికి వేసే వరుస నంబరు), పొట్టి సంతకం. ఈ నాలుగూ ఉంటేనే అది రసీదు.

మేం వెళ్ళిన ఆఫీసులో కౌంటర్లో కూర్చున్నాయన అర్జీ తీసుకుని పక్కనున్న కట్టలో పెట్టేసి "వెళ్ళండి, చూస్తాం" అన్నాడు. స్టాంపు అడిగితే "స్టాంపు ప్యాడ్ ఎండిపోయింది" అన్నాడు. మామయ్య వెనక్కి తిరిగాడు. నేను తిరగలేదు. "ఫర్వాలేదండి, పెన్నుతో తేదీ వేసి సంతకం పెట్టండి" అన్నాను. అప్పటికి ప్యాడ్ తడైంది. దొరగారి పేరెందుకులెండి, ఆయన ఒక్కడే కాదు, ఎక్కడికెళ్ళినా ఇంతే.

ఎంతకీ ఇవ్వకపోతే రెండు దారులున్నాయి. అదే అర్జీని పోస్టాఫీసులో రిజిస్టర్డ్ పోస్టు చేసి, చీటీ దాచుకోండి. లేదా సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. అక్కడ కంప్యూటర్లో ఎక్కించి నంబరున్న చీటీ ఇస్తారు. 1100కి ఫోన్ చేసినా ఫిర్యాదు నంబరొస్తుంది. ఫోన్లో చెప్పింది కాగితం అప్పీలుకి బదులు కాదు, దానికి తోడు మాత్రమే. గడువులోపు కాగితం వెళ్ళాలి.

మళ్ళీ పరీక్షకి పిలుపు

అప్పీలు నమోదయ్యాక ఏ ఆసుపత్రికి ఏ తేదీన రావాలో చెబుతూ కబురొస్తుంది. ఫోనుకే మెసేజ్ వస్తుందని కూర్చోకండి. చాలామందికి పాత ఫోన్ నంబరే ఎక్కించి ఉంటుంది. వారానికోసారి సచివాలయానికి వెళ్ళి అడగండి, అప్పుడే మీ నంబరు సరిచూసుకోండి.

ఆ రోజు పొద్దున్నే బయల్దేరండి. టిఫిన్ డబ్బా, నీళ్ళు పట్టుకెళ్ళండి. లైను పెద్దది. తోడు ఒకరుండాలి, అదీ మీ రోజువారీ సంగతులు తెలిసినవాళ్ళు. బుద్ధిమాంద్యం, మానసిక జబ్బు ఉన్నవాళ్ళ విషయంలో ఈ తోడు మనిషి మాటే సగం పరీక్ష. ఎందుకంటే తనంతట తాను తినగలడా, బట్టలేసుకోగలడా, డబ్బు లెక్క తెలుసా, బయటికెళ్తే ఇంటికి తిరిగి రాగలడా అన్నవాటిని బట్టే అంకె వేస్తారు. "బాగానే ఉంటాడండీ" అని మర్యాదకి చెప్పే మాట ఇక్కడ చెప్పకండి. బాగా లేని రోజున ఎలా ఉంటాడో చెప్పండి.

కళ్ళద్దాలుంటే పట్టుకెళ్ళండి. చూపుని అద్దాలతోనే కొలుస్తారు. వినికిడిని మాత్రం మిషను తీసేసి చూస్తారు. చేతికర్ర, క్యాలిపర్లు (కాలికి కట్టుకునే ఊతలు) రోజూ వాడేవే తెచ్చుకోండి, ఆ రోజు కోసం ఎవరిదో అరువు తెచ్చుకోకండి. వేసిన మనిషికి అవి సరిపోకపోతే డాక్టరు ఒక్క చూపుకే పట్టేస్తాడు. లేనిది నటించడం అసలొద్దు. చెవుల విషయంలో అనుమానమొస్తే బెరా అనే పరీక్ష చేస్తారు. అందులో మనిషి జవాబు చెప్పక్కర్లేదు, తలకి అంటించిన వైర్లే చెబుతాయి. కాలు, చేయి విషయంలో కోణం కొలిచే స్కేలు పెడతారు.

మామయ్య ఎముకల డాక్టరు గది నుంచి నేరుగా బయటికి వచ్చేయబోయాడు. చేయి పట్టుకుని ఈఎన్‌టీ లైనులో నిలబెట్టాను. "నాకు చెవి కూడా రాశారండి అర్జీలో" అని ఆయనే చెప్పాలి, నేను కాదు. రెండుసార్లు గొణిగాడు, మూడోసారి గట్టిగా చెప్పాడు. అద్దాల గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి కూర్చోబెట్టారు. శబ్దం వినపడ్డప్పుడల్లా వేలెత్తమన్నారు. బయట నుంచి చూస్తున్న మాకు ఆయన చేయి చాలాసేపు ఒళ్ళోంచి లేవలేదు.

ఆసుపత్రి గేటు దగ్గర "ఇరవై వేలిస్తే పర్సెంటేజీ పెంచిస్తా" అనేవాళ్ళు కచ్చితంగా తగులుతారు. దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ ప్రకారం మోసం చేసి ఈ లబ్ధి పొందితే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. పట్టుబడినప్పుడు ఆ బ్రోకరు ఫోన్ ఎత్తడు.

అప్పీల్లోనూ కాదన్నారనుకోండి

ఇంకా దారులున్నాయి, కానీ అన్నీ ఒకేసారి పట్టుకుంటే ఏదీ సాగదు.

మొదట కారణం కాగితం మీద తెప్పించుకోండి. 2017 నాటి దివ్యాంగుల హక్కుల నియమాల ప్రకారం సర్టిఫికెట్ ఇవ్వడం కుదరదంటే ఎందుకు కుదరదో రాతపూర్వకంగా చెప్పాల్సిన బాధ్యత వైద్య అధికారిదే. అది రాకపోతే సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. "ఫలానా తేదీన నాకు జరిగిన వైకల్య నిర్ధారణ పరీక్ష కొలతల పత్రం, పరీక్షించిన డాక్టర్ల హోదా, స్పెషలైజేషన్, శాతం లెక్కించిన విధానం నకళ్ళు ఇవ్వగలరు" అని రాస్తే చాలు. ఎందుకిలా చేశారు, న్యాయమేనా అని ప్రశ్నలు వేయకండి. ఆ చట్టం కింద ఉన్న కాగితాలు ఇస్తారు గానీ సంజాయిషీలు ఇవ్వరు. ఫీజు మన రాష్ట్రంలో గ్రామ స్థాయి ఆఫీసులో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, పైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్ళకి అసలు లేదు, దానికి ఆధారం జతచేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు.

ఆ కొలతల పత్రం చేతికొచ్చిందంటే మీ కేసు సగం అయినట్టే. రెండో వైకల్యం గడి ఖాళీగా ఉందా, కూడిక తప్పా, డాక్టరు ఏ విభాగం అన్నది ఇప్పుడు ఊహ కాదు, కాగితం.

దాన్ని పట్టుకుని కలెక్టరేట్‌లో సోమవారం అర్జీ ఇవ్వండి. దివ్యాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ ఇలాంటి సర్టిఫికెట్ నిర్ణయాల మీద అప్పీలుకి హక్కునిస్తుంది, రాష్ట్రం నియమించిన అధికారి దాన్ని వినాలి. అర్జీలో ఆ సెక్షన్ నంబరు రాయండి. నంబరు కనపడితే ఫైలు కదిలే తీరే వేరు. రాష్ట్రంలో దివ్యాంగుల కమిషనర్ కూడా ఉంటారు, హక్కులకి భంగం కలిగితే ఫిర్యాదు వినే అధికారం ఆ చట్టమే ఇచ్చింది.

లాయరంటే భయపడకండి. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద దివ్యాంగులకీ, మహిళలకీ, ఎస్సీ, ఎస్టీలకీ ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. హైకోర్టులో రిట్ వేయాలన్నా అక్కడి నుంచే అడగొచ్చు. నోటీసు ఇవ్వకుండా, మీ మాట వినకుండా పింఛను ఆపిన కేసుల్లోనే రిట్‌కి బలం ఎక్కువ. పర్సెంటేజీ ఎంతుండాలన్నది కోర్టు తనంతట తేల్చదు, మళ్ళీ మెడికల్ బోర్డుకే పంపుతుంది.

వైకల్యం కాకుండా వేరే కారణమైతే

వృద్ధాప్య, వితంతు పింఛన్లు ఆగేది ఎక్కువగా ఆరంచెల పరిశీలనలో. భూమి, కారు, కరెంటు, ఇంట్లో ప్రభుత్వోద్యోగి, ఆదాయపు పన్ను, పట్నంలో ఇంటి విస్తీర్ణం. ఇక్కడ అర్జీ కంటే తప్పు పుట్టినచోటికి వెళ్ళడం ముఖ్యం. అద్దెకున్న ముగ్గురి మీటర్లూ ఓనరమ్మ ఆధార్‌కే కలిసి ఉంటే యూనిట్లు నెలకి 300 దాటకుండా ఉంటాయా? కరెంటు ఆఫీసులో ఆ సర్వీసు నంబర్లు విడదీయించుకోవాలి. అమ్మేసిన కారు ఇంకా మీ పేరే చూపిస్తుంటే రవాణా ఆఫీసులో పేరు మార్పు. వేరు కాపురం పెట్టిన ఉద్యోగి కొడుకు ఇంకా మీ హౌస్‌హోల్డ్ మ్యాపింగ్‌లోనే (ఒకే కుటుంబమని చూపే సచివాలయం లెక్కలోనే) ఉంటే సచివాలయంలో సరిచేయించాలి. సరిచేసిన కాగితం జతచేసి అప్పుడు అర్జీ ఇస్తే ఒక్క పేరా చాలు.

తెలంగాణలో ఉన్నవాళ్ళకి పథకం పేరు, మొత్తం వేరు, అర్జీలిచ్చే చోటు సోమవారం ప్రజావాణి. దివ్యాంగుల హక్కుల చట్టం, మార్గదర్శకాల పట్టికలు, ఇందాకటి కూడిక సూత్రం కేంద్రానివి కాబట్టి అక్కడా అవే.

నెగ్గాక

మామయ్యది నెగ్గడానికి రెండున్నర నెలలు పట్టింది. నెగ్గగానే అందరూ చేసే పొరపాటు, కాగితాలన్నీ ఎక్కడో పడేయడం. కొత్త సర్టిఫికెట్ రాగానే మూడు చూడండి. పేరు, ఆధార్ సరిపోయాయా. వైకల్యం రకం దగ్గర రెండూ పడ్డాయా. పర్మనెంటా, టెంపరరీయా. టెంపరరీ అయితే ఏ తేదీ దాకా చెల్లుతుందో కూడా ఉంటుంది. ఆ తేదీకి మూడు నెలల ముందు నెల మీద గోడ క్యాలెండర్లో గుండ్రంగా చుట్టండి. ఈ ఏటి క్యాలెండర్లో లేకపోతే సర్టిఫికెట్ కవరు మీదే పెద్దక్షరాలతో రాయండి. కవరుని బియ్యం డబ్బాలో మాత్రం పెట్టకండి.